గీత దిద్దించిన గురువులు: పాఠశాలలో చిత్రకళ, కల్యాణం నుంచి సిద్దిపేట వరకు

ఏ పాఠశాల చరిత్రను వ్రాయబూనినా మొదట లభించే ఆధారాలు హాజరు పట్టీలు, పరీక్షా ఫలితాలు, ప్రధానోపాధ్యాయుల పేర్లు వ్రాసిన కొయ్యపలక, వార్షికోత్సవాల ఛాయాచిత్రాలు. ఏ సంవత్సరం ఎందరు ఉత్తీర్ణులైనారో, ఎవరి కాలంలో ఏ గది కట్టారో వాటిని బట్టి చెప్పవచ్చును. కాని డెబ్బయి అయిదేళ్ళ కాలంలో అక్కడి పిల్లలు ఏ బొమ్మలు వేశారో చెప్పడానికి సాధారణంగా ఒక్క కాగితమైనా మిగిలి ఉండదు. వేదిక వెనుక తెరపై సరస్వతీదేవిని చిత్రించిన వారెవరు? తరగతి గోడపై భారతదేశ పటం గీసిన వారెవరు? పాత విద్యార్థుల జ్ఞాపకంలో తప్ప ఈ వివరం మరెక్కడా నమోదు కాదు. ఆ జ్ఞాపకంలో కూడా ఆయన అసలు పేరు కన్న ‘డ్రాయింగు మాస్టారు’ అన్న పిలుపే ముందుగా వస్తుంది.

ప్లాటినం జూబ్లీ జరుపుకొనే వేళ ఈ లోటును తలచుకోవడం అవసరం. చిత్రకళ ఒక తరం నుంచి మరొక తరానికి అందాలంటే మూడు కావాలి. నేర్పే గురువు ఉండాలి. ఆ గురువును ఆదరించే సమాజం ఉండాలి. పిల్లవాని గీతను విలువైనదిగా ఎంచి దాచే చోటు ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా విద్య నిలువదు. హుల్సూర్ పరిసరాల చరిత్ర, తెలుగునాట ఆధునిక చిత్రకళ నడిచిన దారి, రెండూ ఈ మాటకు సాక్ష్యమిస్తున్నవి.

కల్యాణ నగరంలో చిత్రశాస్త్రం

హుల్సూర్ ఇప్పుడు తాలూకా కేంద్రమైనా చాలాకాలం బసవకల్యాణం తాలూకాలోని ఊరు. ఆ బసవకల్యాణమే పూర్వం చాళుక్యుల రాజధాని అయిన కల్యాణ నగరం. అక్కడినుంచి పాలించిన ఆరవ విక్రమాదిత్యుని కుమారుడు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దపు తొలి భాగంలో ‘మానసోల్లాసం’ అనే సంస్కృత గ్రంథాన్ని కూర్చాడు. దానికే అభిలషితార్థ చింతామణి అని మరొక పేరు. వంద అధ్యాయాల ఈ గ్రంథంలో రాజనీతి, వైద్యం, వంటలు, సంగీతం, క్రీడలు మొదలైన విషయాలతో పాటు చిత్రకళకు కూడా స్థానం లభించింది.

చిత్రకళ గురించి ఈ రాజు వ్రాసిన భాగం పొగడ్తలతో నిండినది కాదు, పని నేర్పేది. గోడను ఎట్లా నునుపు చేయాలి, జిగురును ఎట్లా కాచాలి, రంగులను ఎట్లా కలపాలి అన్న సంగతులను వరుసగా చెప్పినాడు. కాటుకను అన్నపు మెతుకులతో నూరి, వత్తిలా చేసి, ఎండబెట్టి, మొదటి గీత గీయడానికి వాడాలన్నాడు. నేటి పిల్లల చేతిలోని పెన్సిలుకు అది పూర్వరూపం అనుకోవచ్చును. కుంచె కోసం దూడ చెవి వెంట్రుకలను కూడా పేర్కొన్నాడు. ఇవన్నీ ఏ పల్లెటూరి ఇంటిలోనైనా దొరికే వస్తువులే. బొమ్మ వేయడానికి ఖరీదైన సామగ్రి కావాలని భావించే పాఠశాలలు ఈ విషయాన్ని గమనింపదగును.

చిత్రాలలోని భేదాలను కూడా ఆయన చెప్పినాడు. అద్దంలో ప్రతిబింబం వలె ఉన్నది ఉన్నట్లుగా వ్రాసేది విద్ధచిత్రం. మనసులో పుట్టిన ఊహను అనుసరించి వ్రాసేది అవిద్ధచిత్రం. పొడి రంగులతో నేలమీద తీర్చేది ధూళిచిత్రం. ఈ మూడవదాన్ని తెలుగు పిల్లలకు వేరుగా పరిచయం చేయనక్కరలేదు. ఉదయాన్నే వాకిలి చిమ్మి ముగ్గు వేసే తల్లులూ, అమ్మమ్మలూ దాన్ని ఏ పుస్తకమూ చూడకుండా నేర్పుతూనే ఉన్నారు. ఆడపిల్ల బడిలో చేరేనాటికే ఆమె చేతికి చుక్కల లెక్క, గీతల కొలత కొంత తెలిసి ఉంటుంది. ఆ విద్య బడి గుమ్మం దగ్గర ఆగిపోకుండా చూడడమే చిత్రలేఖనోపాధ్యాయుని మొదటి పని.

చూచి వేయడమూ, ఊహించి వేయడమూ రెండూ చిత్రాలేనని తొమ్మిది వందల ఏండ్ల క్రిందట ఈ ప్రాంతపు రాజు అంగీకరించినాడు. తరువాతి కాలపు పాఠశాలలు మాత్రం చాలాకాలం మొదటిదాన్నే చిత్రలేఖనమని నమ్మి, రెండవదాన్ని తప్పుగా దిద్దుతూ వచ్చినవి.

బీదరు గోడలు, బీదరు లోహం

చాళుక్యుల తరువాత ఈ నేల మీద చిత్రకళకు గొప్ప ఆదరణ లభించినది బహమనీల కాలంలో. సుల్తాను అహ్మద్ షా వలీ 15వ శతాబ్దపు తొలి భాగంలో తన రాజధానిని గుల్బర్గా నుంచి బీదరుకు మార్చినాడు. 1436లో మరణించిన ఆయన సమాధి బీదరు సమీపంలోని అష్టూరులో ఉన్నది. దాని లోపలి గోడలపైన, గుమ్మటం అడుగునా పలు రంగులతో, బంగారు పూతతో తీర్చిన లతలు, పుష్పాలు, అక్షరమాలికలు కనిపిస్తాయి. ఆ సమాధిని ముస్లిములతో పాటు హిందువులు కూడా భక్తితో దర్శించడం ఈ ప్రాంతపు సహజీవనానికి గుర్తు. మంత్రి మహమూద్ గవాన్ 1472లో పూర్తి చేయించిన మదరసా అయితే విద్యాలయమే. ఆ చదువుల భవనం ముఖానికి రంగురంగుల మెరుగు పలకలు తాపించి, వాటిపై అందమైన వ్రాతను తీర్పించినారు. విద్య నేర్చే చోటు కంటికి కూడా ఇంపుగా ఉండాలన్న భావన ఆనాటి వారికి ఉన్నదని దీని వలన తెలుస్తుంది. కోటలోని రంగీన్ మహలులో 16వ శతాబ్దపు పాలకుడు అలీ బరీద్ షా కాలపు కొయ్య చెక్కడం పని, నల్లరాతిలో ముత్యపుచిప్ప పొదిగిన పని నేటికీ చూపరులను ఆకర్షిస్తున్నవి.

ఈ కట్టడాలను శాస్త్రీయంగా పరిశీలించి లోకానికి తెలియజేసిన వారు హైదరాబాదు రాజ్య పురావస్తు శాఖకు 1914 నుంచి సారథ్యం వహించిన గులాం యజ్దానీ. బీదరు చరిత్రపై, కట్టడాలపై ఆయన రచించిన పెద్ద గ్రంథం 1947లో వెలువడినది.

గోడలపై చిత్రించిన వారి వంశాలు ఏమైనవో గాని, లోహంపై చిత్రించిన వారి విద్య మాత్రం బీదరులో నిలిచినది. అదే బిద్రీ పని. తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి మూసలో పోస్తారు. ఆ పాత్రను ఆకురాయితో నునుపు చేసి, మైలుతుత్తపు నీటితో తాత్కాలికంగా నల్లబరుస్తారు. ఆ నలుపుపై పనివాడు మొనదేలిన ఉక్కు పనిముట్టుతో లతలను, పూలను స్వహస్తంతో గీస్తాడు. ఆ గీతల వెంట ఉలితో చెక్కి, చాళ్ళలో వెండి తీగను, వెండి రేకును పొదుగుతారు. చివరకు కోటలో దొరికే మట్టిని నవాసారంతో కలిపి, ఆ ద్రావణంలో పాత్రను ముంచితే లోహం శాశ్వతంగా నల్లబడి, వెండి మాత్రం తెల్లగా మెరుస్తుంది.

ఈ క్రమంలో గమనింపదగినది ఒకటి ఉన్నది. మూస, ఉలి, మట్టి, వెండి అన్నీ ఉన్నా, నల్లని పాత్రపై ఆ మొదటి గీత గీయగల చేయి లేకపోతే బిద్రీ లేదు. ఆ చేయి ఒక్కనాటిలో తయారు కాదు. తండ్రి ప్రక్కన కూర్చుని పిల్లవాడు ఏండ్ల తరబడి గీయగా వచ్చినది. 2006లో బిద్రీకి భౌగోళిక గుర్తింపు లభించింది. బీదరు కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారం ఇచ్చింది. ఈ గౌరవాల వలన ఆ కళకు పేరు పెరిగినది. అయితే కుటుంబంలోనే విద్య నేర్పే పద్ధతి నానాటికీ సన్నగిల్లుతున్న కాలంలో, పిల్లవాని చేతికి ఆ తొలి గీతను నేర్పే బాధ్యత పాఠశాల మీద పడుతున్నది.

కాపీ పుస్తకాల కాలం

ఆంగ్లేయుల పాలనలో చిత్రలేఖనం పాఠశాలలోకి వచ్చిన తీరు వేరు. 1850లో మద్రాసులో, 1857లో బొంబాయిలో చిత్రకళా పాఠశాలలు ఏర్పడినవి. వాటి తొలి ఉద్దేశాలలో పనివారిని, నమూనాలు గీసేవారిని తయారు చేయడం ముఖ్యమైనది. ఆ ప్రభావంతో సాధారణ పాఠశాలలలో కూడా చిత్రలేఖనమంటే పుస్తకంలోని కూజాను, ఆకును, ఘనచతురస్రాన్ని చూచి అదే కొలతతో దించడం అయినది. రబ్బరు వాడకుండా సరళరేఖ గీయగలిగినవాడు మంచి విద్యార్థి. తరువాతి కాలంలో లోయరు, హయ్యరు గ్రేడు పరీక్షలు, వాటిపై ఉపాధ్యాయ శిక్షణా ధ్రువపత్రం అనే క్రమం ఏర్పడి, డ్రాయింగు మాస్టర్లు ఆ మెట్లు ఎక్కి ఉద్యోగాలలో చేరినారు.

ఈ పద్ధతిని పూర్తిగా నిందించడం న్యాయం కాదు. చేతికి స్థిరత్వం, కంటికి కొలత దాని వలన అలవడినవి. ఎందరో బీద విద్యార్థులకు అది జీవనోపాధి చూపినది. లోపమెక్కడ అంటే, పిల్లవాడు తన ఊరి చెరువును, తన తల్లి ముఖాన్ని, పీర్ల పండుగను, జాతరను గీయవచ్చునన్న సంగతి ఆ పుస్తకాలలో లేదు. ఆ సంగతిని చెప్పిన వారు కొందరు గురువులు. వారిని స్మరించుకోవలసి ఉన్నది.

రాజమహేంద్రవరంలో ఒక ప్రిన్సిపాలు

ఆస్వాల్డ్ కూల్డ్రే 1909 నుంచి 1919 వరకు రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నారు. ఆయన చిత్రకళా బోధకుడుగా నియమితులైన వారు కారు. స్వయంగా చిత్రకారుడు, కవి కావడం వలన తన చుట్టూ ఉన్న విద్యార్థులలో ఆ అభిరుచి ఎవరికి ఉన్నదో కనిపెట్టగలిగినారు. దామెర్ల రామారావు అట్లా ఆయన కంట పడిన పిల్లవాడు. 1897లో జన్మించిన రామారావుకు చదువు కన్న బొమ్మల మీదనే మక్కువ. కూల్డ్రే ఆ పిల్లవాని గీతలను చూచి మెచ్చుకొని, ప్రోత్సహించి, బొంబాయిలోని జె.జె. చిత్రకళా పాఠశాలకు వెళ్ళేట్లు చేసినారు. అడివి బాపిరాజు కూడా ఆ గురువు శిష్యుడే.

బొంబాయిలో శిక్షణ పొందిన రామారావు ‘సిద్ధార్థ రాగోదయం’ వంటి చిత్రాలతో కీర్తి గడించినారు. ఆ కీర్తితో నగరాలలో స్థిరపడడం ఆయనకు కష్టమయ్యేది కాదు. అయినా ఆయన స్వస్థలానికి తిరిగి వచ్చి, 1920ల ఆరంభంలో రాజమహేంద్రవరంలో చిత్రకళాశాలను స్థాపించి, మిత్రులకూ శిష్యులకూ తాను నేర్చినది నేర్పినారు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రాలు వేసినారు. స్త్రీలు కుంచె పట్టడం అరుదైన ఆ రోజులలో ఇది చిన్న విషయం కాదు. 1925లో మశూచి సోకి, ఇరువది యెనిమిదేండ్లు నిండకుండానే ఆయన మరణించినారు.

విద్య అక్కడితో ఆగిపోవలసినదే. ఆగకపోవడానికి కారణం వరద వెంకటరత్నం వంటి సహచరులు. మిత్రుని అనంతరం వారు ఆ కళాశాలను నిలబెట్టి, మరొక తరానికి శిక్షణ ఇచ్చినారు. రామారావు చిత్రాలను భద్రపరచినందువలన ఆయన పేరిట కళామందిరం రాజమహేంద్రవరంలో ఏర్పడి, నేటికీ చూడగలుగుతున్నాము. కూల్డ్రే గుర్తించడం, రామారావు నేర్పడం, వెంకటరత్నం నిలబెట్టడం, కుటుంబమూ ఊరూ చిత్రాలను దాచడం అనే నాలుగు పనులలో ఏ ఒక్కటి జరగకున్నా ఆంధ్ర చిత్రకళా చరిత్రలో ఆ అధ్యాయం ఉండేది కాదు.

ఆ కాలంలోనే మచిలీపట్నంలో ఇంకొక ప్రయత్నం జరిగినది. కోపల్లె హనుమంతరావు ప్రభృతులు 1910లో నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాల చదువుతో పాటు చేతిపనులకూ, చిత్రకళకూ సమానమైన గౌరవం ఇచ్చింది. వంగదేశం నుంచి వచ్చిన ప్రమోద్ కుమార్ చటర్జీ అక్కడ చిత్రకళను బోధించినారు. అనంతర కాలంలో అడివి బాపిరాజు ఆ సంస్థకు ప్రిన్సిపాలుగా పనిచేసినారు. నవలాకారుడుగా తెలుగువారందరూ ఎరిగిన బాపిరాజు తన శక్తిలో కొంత భాగాన్ని బోధనకు వెచ్చించినారన్నది గుర్తుంచుకోదగినది.

సిద్దిపేట డ్రాయింగు మాస్టారు

పై ఉదాహరణలు కళాశాలలకు సంబంధించినవి. సాధారణ ప్రభుత్వ పాఠశాలలో, పెద్ద నగరానికి దూరంగా, నెల జీతంపై పనిచేసే డ్రాయింగు మాస్టారు ఏమి చేయగలడన్న ప్రశ్నకు సమాధానం హుల్సూర్‌కు మరింత దగ్గరగా, తెలంగాణంలో దొరుకుతుంది.

1956కు పూర్వం బీదరు, మెదకు జిల్లాలు రెండూ హైదరాబాదు రాజ్యంలోనివి. ఆనాటి బీదరు జిల్లాలో ఉన్న జహీరాబాదు, నారాయణఖేడ్ తాలూకాలు రాష్ట్రాల పునర్విభజనతో మెదకులో కలిసినవి; బీదరు మైసూరు రాష్ట్రంలో చేరినది. సరిహద్దు మారినా బంధుత్వాలు, సంతలు, జాతరలు, భాషలు మారలేదు. ఆ మెదకు జిల్లాలోనిదే అప్పటి సిద్దిపేట. ఆ ఊరిలో 1925లో జన్మించినారు కాపు రాజయ్య.

రాజయ్య హైదరాబాదులో చిత్రకళను అభ్యసించి, స్వస్థలంలో డ్రాయింగు ఉపాధ్యాయులుగా పనిచేసినారు. ఆయన చిత్రాలలో కనిపించేది సిద్దిపేట చుట్టుపట్ల జీవితమే. బోనాలు ఎత్తిన స్త్రీలు, బతుకమ్మ ఆడే పడుచులు, ఎల్లమ్మ జోగులు, పొలం పనులలోని కూలీలు ఆయన కుంచెకు ఎక్కినారు. ఆ ప్రాంతంలో నకాశీవారు కులపురాణ గాథలను పొడవైన గుడ్డలపై చిత్రించేవారు. కథకులు ఆ పటాలను ఒక్కొక్క భాగమే విప్పి చూపుతూ కథ చెప్పేవారు. చేర్యాల పటాలుగా నేడు ప్రసిద్ధమైనవి ఇవే. ఎర్రని నేపథ్యం, స్పష్టమైన వెలిరేఖ, పెద్ద కన్నులు వాటి లక్షణాలు. రాజయ్య ఈ నకాశీ రీతిని తక్కువగా చూడలేదు. చదువుకున్నవారు జానపద కళను మోటుగా భావించే కాలంలో ఆయన దానినుంచి నేర్చుకొని, తన చిత్రాలలో నిలిపినారు. లలితకళా సమితిని స్థాపించి సిద్దిపేటలో కళాభిరుచిని పెంపొందించినారు. జాతీయ స్థాయిలో గుర్తింపు వచ్చిన తరువాత కూడా సిద్దిపేటను విడువలేదు. 2012లో ఆయన పరమపదించినారు.

కాపు రాజయ్య జీవితం వలన రెండు విషయాలు తేటపడుతున్నవి. మొదటిది, డ్రాయింగు మాస్టారు స్వయంగా చిత్రకారుడు కూడా. ఆయనకు తన పని చేసుకొనే వీలు, ఆ పనిని ప్రదర్శించే అవకాశం ఉంటే పాఠశాలకే కీర్తి. తమ మాస్టారు వేసిన బొమ్మను చూచిన పిల్లలకు చిత్రకళ పుస్తకంలోని పాఠంగా గాక మనిషి చేసే పనిగా తోస్తుంది. రెండవది, పిల్లవాని ఇంటి చుట్టూ ఉన్నదే పాఠానికి తగిన వస్తువు. సిద్దిపేటకు నకాశీ పటం ఎట్లాగో, బీదరు ప్రాంతానికి బిద్రీ లత, అష్టూరు గుమ్మటం, కల్యాణపు శిల్పం, ఇంటి ముందరి ముగ్గు అట్లాగే.

తెలంగాణం నుంచి వచ్చిన ఇతర చిత్రకారుల కథలలో కూడా బోధన ప్రధానంగానే కనిపిస్తుంది. కొండపల్లి శేషగిరిరావు శాంతినికేతనంలో నందలాల్ బోస్ వద్ద నేర్చినది హైదరాబాదులో తన విద్యార్థులకు అందించినారు. నిజాంపూరులో జన్మించిన లక్ష్మాగౌడ్ హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసినారు. నేర్చినవారు నేర్పకపోతే కళకు వంశం ఉండదని వీరి జీవితాలు చెబుతున్నవి.

పిల్లల బొమ్మను పిల్లల బొమ్మగా చూచినవారు

పిల్లవాడు వేసిన బొమ్మ పెద్దల బొమ్మకు అసంపూర్ణమైన అనుకరణ అని లోకం చాలాకాలం భావించినది. ఈ అభిప్రాయాన్ని సవాలు చేసినవారిలో వియన్నా నగరపు ఉపాధ్యాయుడు ఫ్రాంజ్ సిజెక్ ముఖ్యుడు. 1897లో ఆయన పిల్లల కోసం ప్రత్యేక తరగతి ప్రారంభించి, వారిని నమూనాలు దించమనకుండా తమకు తోచినది వేయనిచ్చినారు. పిల్లల బొమ్మలకు తమదైన క్రమం, అందం ఉన్నవని ఆ తరగతి నిరూపించినది.

భారతదేశంలో రవీంద్రనాథ ఠాకూరు శాంతినికేతనంలో చిత్రకళను, సంగీతాన్ని దైనందిన జీవితంలో భాగం చేసినారు. 1919లో అక్కడ కళాభవనం ఏర్పడినది. గాంధీజీ సూచించిన బేసిక్ విద్యకు పాఠ్యప్రణాళిక రూపొందించిన సంఘానికి అధ్యక్షులైన డాక్టర్ జాకీర్ హుస్సేన్ హైదరాబాదులో జన్మించినవారు. ఆ ప్రణాళికలో చేతివృత్తి, మాతృభాష, గణితం వంటివాటితో పాటు చిత్రలేఖనం కూడా పాఠ్యాంశంగా చోటు చేసుకొన్నది. వ్యంగ్యచిత్రకారుడు శంకర్ 1949లో ఢిల్లీలో ప్రారంభించిన పిల్లల పోటీ త్వరలోనే అంతర్జాతీయ స్థాయికి ఎదిగి, వివిధ దేశాల బాలబాలికల చిత్రాలను ఒక్కచోట చేర్చింది. చిన్నపిల్లల బొమ్మను అంచు కట్టి గోడపై తగిలించదగిన వస్తువుగా లక్షలాది కుటుంబాలు గుర్తించడానికి ఇటువంటి ప్రయత్నాలు తోడ్పడినవి.

చట్టంలో ఉన్నది, గంటలో లేనిది

కాగితం మీద చిత్రకళకు లోటు లేదు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం పాఠశాల విద్యలో అన్ని దశలలోనూ కళలను పాఠ్యాంశంగా బోధించాలని సిఫారసు చేసింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం అనుబంధంలో, ఆరు నుంచి ఎనిమిదవ తరగతి వరకు వందకు మించి పిల్లలున్న పాఠశాలకు కళావిద్య బోధించే పార్ట్‌టైము బోధకుడు ఉండాలని పేర్కొన్నారు. 2015లో కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం కళా ఉత్సవ్ ప్రారంభించింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం పాఠ్యాంశాలకూ, పాఠ్యేతర అంశాలకూ మధ్య కఠినమైన అడ్డుగోడలు ఉండరాదన్నది. కర్ణాటక పాఠశాలలలో జరిగే ‘ప్రతిభా కారంజి’ పోటీలలో చిత్రలేఖనానికి కూడా స్థానం ఉన్నది.

పాఠశాల కాలక్రమ పట్టికను చూచినప్పుడు పరిస్థితి వేరుగా కనిపిస్తుంది. డ్రాయింగు గంట తరచుగా మధ్యాహ్నపు చివరి గంట. పరీక్షలు దగ్గరపడితే మొదట గణితానికో, సామాన్యశాస్త్రానికో ఇచ్చివేసేది ఆ గంటనే. మాస్టారు పదవీ విరమణ చేస్తే ఖాళీ అయిన స్థానం ఏండ్ల తరబడి నిండదు. ఉన్న మాస్టారు సమయంలో అధిక భాగం పటాలు వ్రాయడానికి, సభలకు స్వాగత పత్రాలు తీర్చడానికి, ఇతర ఉపాధ్యాయులకు చార్టులు తయారు చేయడానికి పోతుంది. అవి అవసరమైన పనులే, ఆయన సంతోషంగా చేసేవే. వాటి నడుమ ఆయన అసలు పని మరుగున పడరాదు.

నష్టపోయేది కాబోయే చిత్రకారుడు ఒక్కడే కాదు. తరగతిలో నోరు విప్పని పిల్లవాడు, ఇంటి భాష ఒకటి, బజారు భాష మరొకటి, బడి భాష ఇంకొకటి అయినందున తడబడే పిల్ల, తన మనసులోని మాటను బొమ్మలో చెప్పగలదు. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ కలిసి వినిపించే బీదరు వంటి జిల్లాలో ఇది విశేషంగా వర్తిస్తుంది. మార్కుల పట్టీలో వెనుకబడిన పిల్లవానికి బడిలో దొరికే మొదటి మెప్పు అనేక సందర్భాలలో డ్రాయింగు మాస్టారి నోటినుంచే వస్తుంది. ఆ మెప్పుతో బడి మానకుండా నిలిచిన పిల్లలు ఎందరో ప్రతి ఊరి పాత విద్యార్థులకూ తెలుసు.

పాఠశాల చేయగల పని

దీనికి పెద్ద నిధులు అవసరం లేదు. పాఠశాలలో ఒక గోడను పిల్లల బొమ్మలకు కేటాయించవచ్చును. ఆ గోడ పిల్లల కంటి ఎత్తున ఉండాలి. నెలకొకసారి బొమ్మలు మారాలి. బహుమతి వచ్చినవే కాక ప్రతి విద్యార్థిదీ ఏడాదిలో ఒక్కసారైనా అక్కడికి ఎక్కాలి. ప్రతి బొమ్మ వెనుక పేరు, తరగతి, తేదీ వ్రాసి, ఏడాదికి ఒక్కొక్కరిది ఒక్క బొమ్మ చొప్పున చెదలు, తేమ సోకని బీరువాలో దాచవచ్చును. పది సంవత్సరాలు ఈ పని జరిగితే ఆ బీరువాయే పాఠశాల చరిత్ర. ఏ కాలంలో పిల్లలు ఎడ్లబండి వేశారో, ఏ కాలంలో ట్రాక్టరు వేశారో, ఏ యేటి కరువు వారి రంగులలోకి వచ్చిందో చెప్పగల సాక్ష్యం మరెక్కడా దొరకదు.

వార్షికోత్సవంలో మాస్టారు స్వయంగా వేసిన చిత్రాలను కూడా ప్రదర్శించి, ఆయన పేరును వేదికపై పలకాలి. ఏడాదికి ఒకసారి పిల్లలను అష్టూరు సమాధుల వద్దకు, గవాన్ మదరసాకు, బిద్రీ పనివారి దుకాణాలకు తీసుకొని వెళ్ళి, చూచినది అక్కడే కూర్చుని గీయించవచ్చును. ముగ్గులో ఆరితేరిన తల్లిని, నగిషీ తెలిసిన పనివానిని తరగతికి ఆహ్వానించి, గురుస్థానంలో కూర్చుండబెట్టవచ్చును.

తల్లిదండ్రుల బాధ్యత కూడా ఉన్నది. పిల్లవాడు ఆకాశానికి ఎర్ర రంగు వేస్తే తప్పు పట్టి, రబ్బరు చేతికి ఇవ్వకుండా, ఏమి వేశావని అడిగి వినడం మేలు. బొమ్మలతో పొద్దు పుచ్చుతున్నాడని గద్దించే ముందు, దామెర్ల రామారావు ఇంట కూడా ఆ మాట వినిపించి ఉంటుందేమోనని ఆలోచించాలి.

పాత విద్యార్థులు చేయగలది ఇంకొకటి కలదు. తమ ఇళ్ళ పెట్టెలలో, అటకల మీద పాఠశాల నాటి డ్రాయింగు పుస్తకం ఏదైనా మిగిలి ఉంటే దాన్ని పాఠశాలకు అందజేయవచ్చును; కాగితం మిగలకపోతే తమకు గీత నేర్పిన గురువు పేరును, ఆయన పనిచేసిన సంవత్సరాలను వ్రాసి ఇవ్వవచ్చును. ప్రధానోపాధ్యాయుల పేర్ల పలక ప్రక్కన చిత్రలేఖనోపాధ్యాయుల పేర్లతో మరొక పలక వెలిస్తే, ఈ ఉత్సవం ముగిసిన తరువాత కూడా నిలిచే పని అది ఒకటి అవుతుంది.

కల్యాణ రాజు కాటుకతో, అన్నపు మెతుకులతో చేయమన్న ఆ వత్తి నేడు పెన్సిలుగా ప్రతి పిల్లవాని సంచిలోనూ ఉన్నది. దాన్ని పట్టించి మొదటి గీత గీయించే గురువును నిలుపుకోవడం, ఆ గీత ఉన్న కాగితాన్ని దాచుకోవడం పాఠశాల చేతిలోని పనులు. నూరేండ్ల పండుగ నాడు ఈ పాఠశాల చరిత్ర వ్రాయబూనే వారికి మార్కుల పట్టీలతో పాటు బొమ్మల బీరువా కూడా లభించుగాక.